గిరావీన్ నీళ్లకు ఉడకని పప్పు

లీలావతి ఆంటీ ఇంట్లో పప్పు ఉడకడం మానేసి అప్పటికి నెలన్నర. ఆరు విజిల్స్ వచ్చినా, ఎనిమిది వచ్చినా కుక్కర్ మూత తీస్తే బద్ద బద్దగానే కనిపించేది. పప్పుగుత్తితో మెదపబోతే బద్దలు పక్కకు జారి తప్పించుకునేవి.

గిరావీన్‌లో ఆ ఇంటి వెనక గదిలో నేను మూడేళ్లుగా ఉంటున్నాను. ఇండియా నుంచి వచ్చి యూనివర్సిటీలో చేరిన వారం నుంచి అక్కడే. చదువైపోయి, పారమట్టా దగ్గర ఒక ప్రైవేటు ల్యాబ్‌లో నీళ్లు పరీక్ష చేసే ఉద్యోగం వచ్చాక కూడా ఆంటీ నన్ను వెళ్లమనలేదు, నేనూ కదల్లేదు. మాది కనిగిరి దగ్గర పల్లెటూరు. మా ఇంట్లో డిగ్రీ దాకా చదివింది నేనే మొదలు. అందుకని నా చదువు ఎవరికైనా పనికొస్తుందంటే నాకు కాస్త ఉత్సాహం ఎక్కువ. ఈ కథలో జరిగిన పొరపాటులో నా వంతు ఆ ఉత్సాహమే.

తప్పు నీళ్లదేనని ఆంటీ మొదటి రోజే తేల్చేశారు. ఆవిడది రేపల్లె వైపు సముద్రం దగ్గరి ఊరు. అక్కడ ఉప్పునీళ్లలో పప్పు ఉడకదని చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఆ మాట విని నేను నవ్వలేకపోయాను. మా అమ్మ కూడా ఇంట్లో పప్పు కోసం ఒక బిందె వేరే పెట్టేది. బోరు నీళ్లు అందులో పోస్తే ఊరుకునేది కాదు. నీళ్లలో సున్నం ఎక్కువైతే పప్పు మెత్తబడదు. అమ్మకు బిందెతో తెలిసిన సంగతి నాకు పుస్తకంలో చదివాక తెలిసింది.

ఆంటీ మాటను ఆవిడ భర్త రామానుజం అంకుల్ వెంటనే అందిపుచ్చుకున్నారు. అంకుల్ ఐటీలో పని చేసి రిటైరయ్యారు. ఏ సమస్యకైనా ఒక మిషన్ ఉంటుందని ఆయన నమ్మకం. నీళ్లలో ఎన్ని ఉప్పులు కరిగి ఉన్నాయో అంకె చూపించే పెన్నులాంటి మీటరు ఒకటి ఆన్‌లైన్‌లో తెప్పించారు. దాన్ని చొక్కా జేబులో పెట్టుకుని వీధంతా తిరిగారు. పక్కింటివాళ్ల కొళాయిలో, పూలకుండీ పళ్లెంలో, ఆఖరికి గుడిలో తీర్థంలో కూడా ముంచారు. ఒకరోజు భోజనాల దగ్గర చారులో ముంచారు. మీటరు చూపించగలిగిన పెద్ద అంకె చూపించి ఆగిపోయింది.

“చూశావా, నీళ్లెలా పాడైపోయాయో” అన్నారు.

“అది చారు అంకుల్. ఇందాక ఉప్పు చాల్లేదని మీరే వేయించారు” అన్నాను.

ఆయన మీటరు తుడిచి జేబులో పెట్టుకున్నారు. ఇంటి మొత్తానికి నీళ్లు మెత్తబరిచే మిషన్ ఒకటి గరాజ్ పక్కన పెట్టిస్తే తప్ప లాభం లేదని తేల్చారు. కంపెనీ మనిషి శుక్రవారం సాయంత్రం సంతకానికి వస్తాడు.

ఇదంతా సరదాగానే సాగేది, మధ్యలో వసుంధర ఆంటీ మాట పడకపోతే. ఆవిడా ఆ చుట్టుపక్కల ఉండే మనిషే. మా ఇంట్లో సత్సంగం భోజనాలప్పుడు విస్తరి అంచున పప్పు బద్దలు వరసగా పేర్చి, అందరూ వింటుండగా, “శ్రీరామనవమి ఇంకా రాలేదుగా లీలావతిగారూ, అప్పుడే వడపప్పు పెట్టేశారేం?” అంది. అందరూ నవ్వారు. లీలావతి ఆంటీ కూడా నవ్వారు, కానీ ఆ రోజు తను పప్పు వడ్డించుకోలేదు.

వచ్చే శనివారం తేజస్విని సీమంతం. పక్క వీధిలో ఉంటుంది తేజస్విని, ఆంటీకి కూతురితో సమానం. అరవై మందికి భోజనం, అందులో దోసకాయ పప్పు ఆంటీదని ఎప్పుడో మాట అయిపోయింది. సోమవారం నాడు ఆంటీ నన్ను వంటింట్లోకి పిలిచి నెమ్మదిగా చెప్పారు.

“శనివారం కూడా ఇలాగే అయితే గరిటె పక్కన పెట్టేస్తానే సింధూ. ఇంక ఎవరింటి ఫంక్షన్‌కీ నా చేత్తో వండను. నువ్వు ఆ ల్యాబ్‌లో చూసి చెప్పు, నీళ్లలో ఏముందో.”

సూపర్‌వైజర్‌ని అడిగి పర్మిషన్ తీసుకున్నాను. మంగళవారం పొద్దున సీసా తెచ్చేసరికి ఆంటీ కొళాయిని చింతపండుతో తోమి తళతళలాడించి ఉంచారు. పరీక్షకు వెళ్తోంది కదా, మురికిగా కనిపించకూడదట. చింతపండు కొట్టుకుపోయేదాకా నీళ్లు వదిలి, సీసా నింపి, ‘లీలావతి, వంటగది’ అని లేబుల్ అంటించి తీసుకెళ్లాను.

బుధవారం రాత్రి భోజనాల దగ్గర ఫలితం చదివి వినిపించాను. పరీక్షలో జవాబు చెప్పినట్టు నిటారుగా కూర్చుని మరీ చెప్పాను. సున్నం లీటరుకు యాభై రెండు మిల్లీగ్రాములు. మా ఊరి బోరులో తొమ్మిది వందలు దాటుతుంది. ఇవి మెత్తటి నీళ్లు, పప్పు ఉడకకపోవడానికీ వీటికీ ఏ సంబంధమూ లేదు. ఇంత మంచి వార్త చెప్పినందుకు ఆంటీ సంతోషిస్తారనుకున్నాను.

ఆంటీ కంచంలో చెయ్యి ఆపేశారు.

“నీళ్లకి బెయిలు ఇప్పించావు, బానే ఉంది. మరి ఇప్పుడు లోపలెయ్యాల్సింది నన్నేగా?”

అప్పుడు గానీ నాకు వెలగలేదు. నెలన్నరగా ఆ చేతి పరువు కాపాడుతున్నది నీళ్ల మీద నింద ఒక్కటే. దాన్ని నేను ల్యాబ్ రిపోర్టుతో చింపేశాను. ఆంటీ లేచి చెయ్యి కడుక్కుని లోపలికి వెళ్లిపోయారు. అంకుల్ నా వైపు వంగి, “చదువుకున్నదానివి, ఆ అంకె కాస్త పెంచి చెబితే నీ సొమ్మేం పోయేది?” అన్నారు. నీళ్ల అంకెలు పెంచి చెప్పడం మా ల్యాబ్‌లో ఉద్యోగం పోయే తప్పు అంకుల్ అన్నాను.

సగం పని చేసి వదిలేస్తే నాకు నిద్ర పట్టదు. నీళ్లు కాదు, చెయ్యి కాదు, మిగిలింది పప్పు. గురువారం ఆఫీసు నుంచి వస్తూ తేజస్విని ఇంట్లో అరగ్లాసు కందిపప్పు అప్పడిగాను. మూడు చిన్న గిన్నెలు తీసుకున్నాను. ఒకదాంట్లో మా పప్పు, కొళాయి నీళ్లు. రెండోదాంట్లో మా పప్పు, షాపులో కొన్న సీసా నీళ్లు. మూడోదాంట్లో తేజస్విని పప్పు, మా కొళాయి నీళ్లే. మూడూ ఒకే కుక్కర్‌లో పెట్టి, ఆంటీని బతిమాలి పొయ్యి దగ్గర కూర్చోబెట్టాను. అయిదు విజిల్స్ లెక్కపెట్టాం. మూత ఆంటీయే తీశారు.

మొదటి రెండు గిన్నెల్లో బద్దలు బద్దల్లాగే ఉన్నాయి. మూడో గిన్నెలో గరిటె తగిలించగానే పప్పు వెన్నలా విడిపోయింది.

మూడో గిన్నెలోది ఆంటీ వేళ్లతో నలిపి చూశారు. తర్వాత డబ్బా తీసి పప్పు గుప్పిట్లో పోసుకుని వాసన చూసి, “ఇది ఎక్కడిది? నేను కొని ఏడాదిన్నర దాటింది. డబ్బా ఎప్పుడూ ఆయనే నింపుతున్నారు” అన్నారు.

అంకుల్ హాల్లో ఉన్నారు. వంటింట్లోంచి మాట వినగానే టీవీ సౌండు కాస్త పెంచారు.

గరాజ్‌లో, రోలర్ తలుపును ఆనుకుని, పాత దుప్పటి కింద కందిపప్పు దొరికింది. పదేసి కిలోల సంచులు, ఇంకా నాలుగు. రెండేళ్ల కిందట ఇండియా నుంచి పప్పు రావడం ఆగిపోతుందని వాట్సాప్ గ్రూపులో ఎవరో పెడితే అంకుల్ ఎనిమిది కొని దాచారట. ఆగిందీ లేదు పాడూ లేదు. ఆంటీ తిడతారని చెప్పలేదు. రెండు వేసవులు ఆ రేకు తలుపు పక్కన కాలింది పప్పు. అలా వేడికి పాతబడిన పప్పు ఎన్ని విజిల్స్‌కైనా మెత్తబడదు. ముందు లోపలివైపు సంచులు వాడినన్నాళ్లు ఎలాగో నెట్టుకొచ్చింది, నెలన్నర కిందట తలుపు దగ్గరి సంచి విప్పారు.

“ముందుచూపుతో కొన్నానే” అన్నారు అంకుల్ గుమ్మంలో నిలబడి.

“నా వంటకి ఏనాడూ వంక పెట్టలేదు ఈయన, ఎంత మంచివాడో అనుకున్నాను” అన్నారు ఆంటీ నాతో, ఆయన వైపు చూడకుండా. “చేసింది తెలిసే నోరు మూసుకున్నారన్నమాట.”

పప్పు సంగతి తనకు అనుమానం కూడా రాలేదని అంకుల్ గట్టిగానే చెప్పారు. నేను నమ్మాను. మిషన్‌తో బాగుపడని రోగం ఉంటుందని ఆయనకు తట్టదు. ఆ సాయంత్రమే కంపెనీకి ఫోన్ చేసి రావద్దని చెప్పారు. ఆంటీ పక్కనే నిలబడి విన్నారు.

శనివారం తేజస్విని పెరట్లో షామియానా వేశారు. గాజులు తొడగడాలు, ఫొటోలు అయ్యాక భోజనాలు మొదలయ్యాయి. శుక్రవారం కొన్న పప్పుతో ఆంటీ చేసిన దోసకాయ పప్పు రెండు పెద్ద గిన్నెలు. మొదటి గిన్నె సగం పంక్తికే ఖాళీ అయింది. వసుంధర ఆంటీ రెండోసారి పెట్టించుకుని, మూడోసారికి కూడా చెయ్యి అడ్డం పెట్టలేదు.

“ఏం చేశారు లీలావతిగారూ? మిషన్ పెట్టించారా?” అని అడిగింది.

అంకుల్ మజ్జిగ జగ్గుతో అక్కడే ఉన్నారు. జగ్గు వంచినవారు వంచినట్టే ఆగిపోయారు. నెలన్నరగా పడ్డ మాటలన్నిటికీ జవాబు చెప్పే అవకాశం అది. ఆంటీ ఆయన మొహం ఒకసారి చూశారు.

“లేదండీ. నీళ్లు వాటంతటవే బాగుపడ్డాయి” అన్నారు.

వసుంధర ఆంటీ నా వైపు తిరిగింది. “నువ్వు నీళ్ల ల్యాబ్‌లోనేగా చేసేది? నిజంగా బాగుపడ్డాయా?”

ఇంతవరకు నీళ్ల విషయంలో నేను ఒక్క అబద్ధం ఆడలేదు. నోరు తెరిచాను. నిజమే చెప్పేదాన్నేమో. ఈలోగా లీలావతి ఆంటీ వచ్చి నా విస్తట్లో గరిటెడు పప్పు, దాని మీద చెంచాడు నెయ్యి వేసి, “పిల్లని ముందు తిననివ్వండి” అన్నారు. నేను పెద్ద ముద్ద కలిపి నోట్లో పెట్టుకున్నాను. చాలాసేపు నమిలాను. నమలాల్సిన అవసరం లేదు, అంత మెత్తగా ఉంది.

వసుంధర ఆంటీ నాకోసం ఆగలేదు. వాళ్లబ్బాయి క్లైడ్ నార్త్‌లో ఇల్లు కట్టుకున్నాడట, ఏప్రిల్‌లో గృహప్రవేశమట. పప్పు మాత్రం మీ చేతిదే కావాలి, మెల్‌బోర్న్‌కి టికెట్లు మేమే తీస్తాం, అక్కడి నీళ్లెలా ఉంటాయో ఏమో, అదొకటే దిగులు అంది.

“నీళ్లు ఎక్కడివైనా పర్లేదండీ” అన్నారు లీలావతి ఆంటీ గరిటె అందుకుంటూ. “పప్పు మాత్రం మీరే కొని ఉంచండి. మా ఆయన్ని తెమ్మనకండి.”

అంకుల్ అప్పుడే గుర్తొచ్చినట్టు జగ్గు ఇంకొంచెం వంచి, మజ్జిగ పోయమని అడగని నా గ్లాసులో నిండుగా పోశారు.