ఎగరని రాకెట్టు, ఎగిరిన ఖంపన్

మా యసోథోన్ ఊళ్ల వైపు ఆరో నెలలో వాన కోసం గొట్టాల్లో మందు కూరి రాకెట్లు వదులుతాం. పైనున్న వాన దేవుడికి అదే కబురు. ఎగిరితే కట్టినవాణ్ణి భుజాల మీద ఊరేగిస్తాం. ఎగరకపోతే మోసుకెళ్లి బురదలో పడేస్తాం. ఇందులో కోపగించుకునేదేం లేదు.

ఖంపన్‌కి మాత్రం కోపం వస్తుంది. పోయినేడు బురదలోంచి లేచి, తనని మోసుకొచ్చిన కుర్రాడు థొంగ్‌దీ ముక్కు మీద గుద్దాడు. ఖంపన్ పెళ్లాం చన్‌పెంగ్ సిగ్గుతో పుట్టింటికి పోయింది. నాట్ల దాకా రాలేదు. ఈ ఏడు ముందే చెప్పేసింది. "మళ్లీ కొట్లాడావో, పోయినదాన్ని పోయినట్టే. ఇక రాను."

ఖంపన్ నెలంతా మందు దంచి గొట్టంలో కూరాడు. "అన్నా, ఈసారి మబ్బుకి చిల్లే" అన్నాడు నాతో.

నిప్పు పెట్టాం. తుస్సుమంది. కాస్త పొగొచ్చింది. రాకెట్టు మంచె మీదే పక్కకి ఒరిగి పడుకుంది.

థొంగ్‌దీ తన మనుషులతో పరిగెత్తుకొచ్చాడు. "బాబాయ్, స్నానానికి వేళయింది!"

నలుగురూ కాళ్లూ చేతులూ పట్టి ఎత్తారు. ఖంపన్ మెడ నరాలు లేచాయి. పిడికిలి బిగిసింది.

"తమ్ముడూ, కోపం మింగు" అన్నాను పక్కనే నడుస్తూ.

"మింగుతున్నా అన్నా. గొంతుకడ్డం పడుతోంది."

మింగితే అయ్యే పని కాదు. నాకా మాటలు తక్కువ. ఎదురుగా బురదలో ఓ గేదె కనబడింది.

"అది బురదలోకి ఎట్లా వచ్చింది?"

"నడిచొచ్చింది. ఇప్పుడు గేదె గోల దేనికన్నా?"

"నిన్ను నలుగురు మోసుకొస్తున్నారు. ఈ ఎండలో."

ఖంపన్ తల తిప్పి చూశాడు. థొంగ్‌దీ చెమటలు కక్కుతూ రొప్పుతున్నాడు. ఖంపన్ పిడికిలి మెల్లగా విడింది.

"నిజమే. నా పెళ్లిక్కూడా నడిచే పోయాను." అని మెడ వెనక్కి వాల్చాడు. "ఒరే థొంగ్‌దీ, నీడన నడవరా. అటు లోతు లేదు, ఇటు తీసుకెళ్లు."

"తిట్టాలిగానీ ఇదేంటి బాబాయ్!"

"తిట్లెందుకురా? ఇంకో చుట్టు తిప్పుతావా?"

విసిరేశారు. ఖంపన్ మెడదాకా మునిగి "ఆహా!" అన్నాడు.

థొంగ్‌దీకి ఒళ్లు మండింది. టోపీ నేలకేసి కొట్టాడు. "ఇంత దూరం మోసింది ఇందుకా?"

ఇంతలో చన్‌పెంగ్ గొడుగేసుకుని గట్టు మీదికొచ్చింది.

"ఎవర్ని కొట్టాడు?" అంది నాతో.

"ఎవర్నీ లేదు."

నమ్మలేదు. థొంగ్‌దీ ముక్కు దగ్గరగా వంగి చూసింది. ముక్కు బాగానే ఉంది. అప్పుడు మొగుడి వైపు తిరిగింది.

"ఏమయ్యా, నీ రాకెట్టు కంటే మా అమ్మ పొయ్యి నయం. పొగన్నా పైకి పోద్ది. వచ్చే ఏడూ ఇట్లాంటిదే కడతావా?"

ఖంపన్ ముఖం ఎర్రబడింది. నోరు తెరిచి నా వైపు చూశాడు.  అంతలోనే నోరు మూసి బురదలో వెనక్కి వాలాడు.

"వచ్చే ఏడు అంటోందన్నా" అన్నాడు నాతో. "అంటే ఇంట్లోనే ఉంటుందన్నమాట."