మంచి భుజం

సాగర్ కాలువ నీళ్ళొచ్చాక మిర్యాలగూడ మిల్లుల్లో ధాన్యం బస్తాలకు కొదవ లేదు. ఆ బస్తాలు మోసే కొమురయ్య భుజమే పోయిన వారం పట్టు తప్పింది. లారీ మీంచి జారుతున్న బస్తాకు కుడి చెయ్యి అడ్డం పెట్టాడు, లోపల ఏదో పుటుక్కుమంది. అప్పట్నుంచి ఆ చెయ్యి పైకి లేవదు. చూడబోతే వాపు లేదు, గాయం లేదు. అక్కడే వచ్చింది చిక్కు. మిల్లు షావుకారు శ్రీపతి దాన్ని దొంగ నొప్పి అన్నాడు. డాక్టరు నిజమంటే తగ్గేదాకా గేటు దగ్గర కాపలా కూర్చోబెడతానని, కాదంటే హమాలీ ముఠాలోంచి తీసేస్తానని తేల్చి చెప్పాడు.

సరే, బాగానే ఉంది. కానీ ఊళ్ళో దవాఖాన పెట్టుకుని కోదాడ దాకా పంపడమెందుకు? ఏనాడూ చాయ్ పోయించని మిల్లు గుమాస్తా జగన్మోహన్ బస్సులో కిటికీ పక్క సీటెందుకిచ్చాడు? ఆ కోదాడ డాక్టరు నాగేశ్వర్ రావు షావుకారికి దోస్తని ముఠావాళ్ళు ముందే చెవిన వేశారు. భార్య మైసమ్మ ఇంకో అడుగు ముందుకేసింది.

"ఆల్లాల్లు ఒక్కటే. ఏడ ముట్టినా మొత్తుకో. లేకుంటే నొప్పి లేదంటడు" అని చెప్పి పంపింది.

డాక్టరు చొక్కా విప్పించి, వెనక నిలబడి కాసేపు ఊరికే చూశాడు. తర్వాత వచ్చి ఎడమ భుజం పట్టుకున్నాడు.

కొమురయ్యకు ఒళ్ళు మండింది. చూశారా వీడి వేషం! దెబ్బ కుడికైతే ఎడమది పడతాడా? బాగున్న చెయ్యి చూసి, అంతా బాగుందని చెప్పడానికేగా! డాక్టరు వేలితో నొక్కీ నొక్కకముందే "అమ్మో" అని గోల పెట్టాడు.

"ఇక్కడ నొప్పా?"

"శాన ఉంది సారూ."

కుడి భుజం నొక్కితే అంతకన్నా గట్టిగా అరిచాడు. మోచెయ్యి ముట్టుకున్నా అరిచాడు. డాక్టరు ఆ చేతిని తనే పైకి లేపబోతే, లేచిందంటే కొంప మునుగుతుందని బిగబట్టాడు.

"దొంగ నొప్పని నేను జెప్పలే సారూ?" అన్నాడు బెంచీ మీంచి జగన్మోహన్.

డాక్టరు స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చున్నాడు. "దెబ్బ కుడి చేతికి కదా, ఎడమదెందుకు నొచ్చింది?"

కొమురయ్య తన రెండు భుజాల వంక మార్చి మార్చి చూసుకున్నాడు.

"బాగున్నదాన్ని ముందు చూస్తేనేనయ్యా రెండోదాంట్లో తేడా తెలిసేది. నువ్వు రెండూ నొప్పంటే నేనేం చూడను?"

సిగ్గుతో చచ్చిపోయాడు కొమురయ్య. తన నోట్లో తానే మట్టి కొట్టుకున్నాడు. "తప్పయింది సారూ. ఎడమది మంచిగనే ఉంది. మీరు మా సావుకారి దిక్కు మాట్లాడతరేమోనని..."

"అదంతా తర్వాత. నోరు మూసుకుని ఒళ్ళు వదులు."

ఈసారి వదిలాడు. డాక్టరు పట్టి లేపితే కుడి చెయ్యి తల దాకా వెళ్ళింది. జగన్మోహన్ ముందుకు జరిగాడు. అయిపోయింది, పని పోయిందనుకున్నాడు కొమురయ్య. డాక్టరు చేతిని పక్కకు, భుజమెత్తుకు దించి, "ఇక్కడ నిలుపు" అని వదిలాడు. నిలవలేదు. ఎంత బలం పెట్టినా దబ్బున తొడ మీద పడింది. మళ్ళీ లేపాడు, మళ్ళీ పడింది.

"నేను లేపితే లేస్తుంది, తనంతట తాను నిలవదు" అన్నాడు డాక్టరు గుమాస్తాతో. "లోపల కండను ఎముకకు పట్టి ఉంచే తాడులాంటిది తెగింది. దెబ్బ నిజమే."

కొమురయ్యకు ప్రాణం లేచొచ్చింది. "ఇగ ఎన్నొద్దులకు బస్తా ఎత్తుత సారూ?"

డాక్టరు విప్పిన చొక్కా తీసి తనే అతని మీద కప్పాడు. "అన్నం తింటావు, చొక్కా తొడుక్కుంటావు. బస్తా మాట మర్చిపో. ఇది పూర్తిగా అతకదు."

కొమురయ్య జగన్మోహన్ వైపు తిరిగాడు. ఇప్పుడైనా ఆ మనిషి ఇదంతా నాటకమంటే బాగుండుననిపించింది. జగన్మోహన్ తల దించుకుని కూర్చున్నాడు.

"ఇంకోపారి సూడుండ్రి సారూ" అన్నాడు కొమురయ్య. "ఇందాక ఊకెనే మొత్తుకున్న గద. ఇది గూడ అట్లనేనేమో."