రెక్క చాటు జవాబు

ఈ పిల్లకి నా చిన్నకూతురి వయసుంటుంది, ఎంత హుషారుగా చెబుతోందో, అనుకున్నాడు పెద్దాయన, కొత్త పరికరం చూపించే సభ, సైన్యంలో రాడార్ ముందు కూర్చునే ఉద్యోగం చేసి రిటైరైన మనిషని ముందు వరుసలో కుర్చీ వేశారు, ఇంజనీరమ్మ చేతిలో చెక్క విమానం, కిందినుంచి అడుగుతాం కదండీ, మనవాడివా పరాయివాడివా అని, విమానంలో పెట్టె దానంతటదే జవాబివ్వాలి, పాతదానికి యాంటెన్నా పొట్ట కింద ఒక్కటే, ఇప్పుడు వీపు మీదా ఒకటి పెట్టాం, ఏది బాగా వింటే అది పలుకుతుంది, మీరే నొక్కండి సార్, అంటూ బటన్ ముందుకు జరిపింది, ఇరవై రెండేళ్ళయింది ఇలాంటిది ముట్టుకుని, అప్పుడు, ఆ పొద్దున, మూడుసార్లు అడిగాడు, తెర మీద చుక్క పలకలేదు, క్షిపణి బటన్ నొక్కాడు, కూలింది మనవాడే, ఇప్పుడు ఈ పిల్ల చూపిన బటన్ నొక్కాడు, పచ్చగుర్తు వెలిగింది, అందరూ చప్పట్లు.

నీ తప్పేముందోయ్, అడిగావు, వాడు పలకలేదు, అని అప్పట్లో పై అధికారి భుజం తట్టాడు, ఆ మాట పట్టుకునే ఈయన బతికి బట్టకట్టాడు, చనిపోయిన పైలట్ తల్లి దగ్గరకెళ్ళి ఇంకాస్త కలిపి చెప్పాడు, పెట్టె ఆన్ చెయ్యడం మర్చిపోయుంటాడమ్మా మీవాడు, ఆమె ఏడవలేదు, వెధవ, చిన్నప్పట్నుంచీ అంతే, ఒకసారి చెబితే వినడు, అంది, గోడ మీంచి వాడి ఫోటో తీసి బీరువాలో పడేసింది, ఇప్పటికీ ఎక్కడ కనబడినా, నా కొడుకు మూలంగా మీకు మనశ్శాంతి లేకుండా పోయింది బాబూ, అని చేతులు జోడిస్తుంది.

పాత పెట్టెకి మన మాట అసలు వినపడేది కాదా అమ్మా, అని ఇంజనీరమ్మని అడిగాడు, ఎందుకు వినపడదండీ, మనం గట్టిగానే అడుగుతాం, దాని గొంతే చిన్నది, అంటూ ఆమె చెక్క విమానాన్ని పక్కకి ఒరిగించింది, అప్పట్లో మనవాళ్ళే కూల్చిన విమానం ఉందే, దాని రికార్డు నేనే చదివా, మూడుసార్లూ జవాబిచ్చింది పాపం, మలుపులో ఒరిగాడు, రెక్క అడ్డమొచ్చింది, జవాబంతా అటువైపు ఖాళీ ఆకాశంలోకి పోయింది, ఆ ఆపరేటరెవరో గానీ, రెండు క్షణాలాగి నాలుగోసారి అడిగుంటే చాలు, విమానం మళ్ళీ సమంగా అయ్యేది, అని నవ్వింది, టీ తాగుతారా సార్.

తిరుగు బస్సులో పైలట్ తల్లి ఇల్లు నాలుగో స్టాపు, తలుపు తట్టి, మీవాడు పలికాడమ్మా, నేనే వినలేదు, అనాలి, అంటే ముందు కొడుకుని మళ్ళీ దగ్గరికి తీసుకుంటుంది, తర్వాత మెల్లగా తనవైపు తల తిప్పుతుంది, ఆ చూపు, ఎనభై దాటాయి ఆవిడకి, గుండె జబ్బు, ఇంకెంత, ఏడాదో రెండేళ్ళో, స్టాపు వచ్చింది, ఎవరో దిగారు, ఆయన కదల్లేదు, కొడుకుని తిట్టుకుంటూనే పోనీ, అనుకున్నాడు, అనుకోగానే ఒళ్ళు తేలికపడింది, ఇకమీదట తాను ఎదురుచూసేది ఆ ముసలమ్మ చావు కోసమేనని తెలిసింది.