కొత్త జీను రికాబులు

కొత్త జీను మీద కూర్చున్న పిల్ల మోకాళ్ళు నొప్పి అంటే తప్పు పిల్లదేనట! ఇక్కడ పరిచయమైన తెలుగు స్నేహితురాలు వైశాలక్క ఇచ్చిన తీర్పు అది. "మనవాళ్ళకి ఈ గుర్రాలూ అవీ అలవాటు లేదుగా భావనా, మన ఎముకలే వేరు" అంది. ఎముకలు వేరట! నాకు ఒళ్ళు మండిపోయింది.

జర్మనీలో మేముండే వాల్డార్ఫ్‌కు పావుగంట దూరంలో ఉన్న గుర్రపుశాలలో మా ఈషా, వాళ్ళ స్నిగ్ధ రెండేళ్ళుగా కౌబాయ్ పద్ధతి స్వారీ నేర్చుకుంటున్నారు. ఇద్దరికీ పదేళ్ళు. ఇద్దరికీ కలిపి మొన్ననే ఒక వెస్టర్న్ జీను కొన్నాం. ఆదివారం స్వారీ పరీక్ష. జీను కొత్తది కదా, పాదాలు పెట్టుకునే రికాబులు వేలాడే వెడల్పాటి తోలు పట్టాలు అట్టముక్కల్లా బిగుసుకుని ఉన్నాయి. పాదం ముందుకు చూడాలంటే రికాబు ఎదురుగా తిరిగి ఉండాలి. ఇదేమో గుర్రం పొట్టకు అతుక్కుని పక్కకు చూస్తోంది. పాదాన్ని బలవంతంగా దూరిస్తే ఆ మెలి అంతా మోకాలి మీదే పడుతుంది. శుక్రవారం ఈషా కుంటుకుంటూ దిగింది.

స్వారీ నేర్పే ఉల్రికె పట్టాలు పట్టి చూసి తల అడ్డంగా ఊపింది. వాటిని తడిపి మలచాలంది. జీనులు చేసేవాడి దగ్గర ఆరు వారాల దాకా టెర్మిన్, అదే అపాయింట్‌మెంట్, లేదు, ఇలాగే ఉంటే పిల్లను పరీక్షకు పంపనని తేల్చి చెప్పింది. ఈషా ఏడుపు ఆపుకుంటూ నా వైపు చూసింది.

శనివారం మధ్యాహ్నం గుర్రపుశాలలో నేనే పనికి కూర్చున్నాను. గోరువెచ్చని నీళ్ళు తెచ్చి, పట్టాలను లోపలా బయటా స్పాంజితో తడిపాను. తోలు తాగినంత తాగనివ్వాలి. తొందరపడితే పైన మెత్తబడుతుంది, లోపల మొండికేస్తుంది. మెత్తబడ్డాక కింది భాగాన్ని బయటకు మెలితిప్పి, రెండు చేతులతో పిసుకుతూ మడత దారిలో పెట్టాను. రికాబులు రెండూ ఎదురుగా తిప్పి, వాటిలోంచి చీపురు కర్ర దూర్చి, కర్రకు ఇసుక సంచి వేలాడదీశాను. పొట్టి కాళ్ళకు పట్టా పొడవు ఎక్కువైంది కాబట్టి ఉల్రికె ఇచ్చిన పనిముట్టుతో రెండు వైపులా మరో రెండేసి చిల్లులు వేశాను. నా చేతులకు ఎవరూ ఏమీ చెప్పక్కర్లేకపోయింది.

అప్పుడొచ్చింది వైశాలక్క, కాఫీ కప్పుతో. కాళ్ళ మధ్య తోలు పెట్టుకుని నేల మీద కూర్చున్న నన్ను చూసి పకపకా నవ్వింది.

"ఏంటే భావనా, అచ్చం చెప్పులు కుట్టేవాళ్ళ అమ్మాయిలా కూర్చున్నావ్!"

నేనూ నవ్వాను. సిగ్గులేకుండా, పళ్ళన్నీ కనబడేలా నవ్వాను.

మా బాపు జనగామ బస్టాండు పక్కన చెప్పులు కుట్టేవాడు. నేను బడి నుంచి రాగానే ఆయన పక్కన గోనెపట్టా మీద కూర్చుని, తొట్లో నానిన తోలు తీసి అందించేదాన్ని. తోలు కుట్టే ఆ ఆరెతోనే, ఆ దారంతోనే నన్ను ఇంజనీరింగ్ చదివించాడు. ఇక్కడికొచ్చిన కొత్తలో, ఉగాదికి పిలిచి, వైశాలక్క ముందు ఇంటిపేరు అడిగింది. తర్వాత ఊరు అడిగింది. తర్వాత "ఊళ్ళో ఎటువైపు మీ ఇల్లు?" అంది. ఆ ప్రశ్నలు ఎక్కడికి పోతాయో నాకు తెలియదా? నా భర్త కమలాకర్ చటుక్కున అందుకుని "మా మామగారిది లెదర్ బిజినెస్" అన్నాడు. ఇంటికొచ్చాక "అబద్ధమైతే కాదు కదా" అని నాకే నచ్చజెప్పాడు. కులం చూడకుండా పెళ్ళి చేసుకున్న మనిషే, బయట దాన్ని నాచేత దాచిపెట్టించాడు. ఆరేళ్ళు దాచాను. బాపు చనిపోయి మూడేళ్ళు, ఆయన పోయిన రోజు కూడా బిజినెస్ అనే చెప్పాను. కమలాకర్‌ను తిడుతున్నాను గానీ, నోరు నాది కాదా?

ఆ సాయంత్రం తిరిగొస్తుంటే కారులో, అంతా పక్కనుంచి విన్న ఈషా జర్మన్‌లో అడిగింది. "తాత చెప్పులు కుట్టేవాడు కదా? నాకూ కుట్టాడు కదా? ఆంటీ దాన్ని జోక్‌లా ఎందుకు అంది?"

"ఊరికే అన్నదిరా."

"మరి నువ్వెందుకు నవ్వావు?"

నేను ఇండికేటర్ వేసి మలుపు తిరిగాను. ఈసారి తెలుగులో, గొంతు తగ్గించి అడిగింది. "తాత సంగతి స్నిగ్ధకి చెప్పొద్దా, మమ్మీ?"

నా మీద నాకు అంత కోపం ఎన్నడూ రాలేదు. నా బాపును నా బిడ్డ దాచిపెట్టాల్సిన వస్తువును చేశాను కదా!

ఆదివారం పొద్దున కర్ర తీశాను. రికాబులు రెండూ బుద్ధిగా ఎదురుగా తిరిగి నిలబడ్డాయి. తోలుకు నూనె పట్టించి, ఈషాను ఎక్కించాను. పాదం తేలిగ్గా దూరింది. రెండు చుట్లు తిరిగొచ్చి "కొంచెం కూడా నొప్పి లేదు!" అని అరిచింది. ఉల్రికె వంగి మడత చూసి, ఎక్కడ నేర్చుకున్నావని అడిగింది.

"మా నాన్న దగ్గర. చెప్పులు కుట్టేవాడు" అన్నాను జర్మన్‌లో.

"మంచి గురువు" అని నా చెయ్యి పట్టుకుని ఊపింది. అంతే. ఆరేళ్ళు నేను దాచిన మాట ఆ భాషలో అంత సులువుగా వచ్చేసింది.

వైశాలక్క ఫోన్ లోంచి తలెత్తింది. "ఎవరు నేర్పారంట? యూట్యూబేగా?"

ఈషా గుర్రం దిగి నా పక్కకు వచ్చి నిలబడింది. నా ముఖంలోకే చూస్తోంది.

"మా బాపు నేర్పిండక్కా. జనగామ బస్టాండు కాడ చెప్పులు కుట్టేటోడు. మేం మాదిగోళ్ళం. నిన్న నువ్వు జోక్ అన్నవు గదా, అది నిజమే."

వైశాలక్క నవ్వు ముఖం మీద అలాగే ఉండిపోయింది. "అయ్యో, అందులో ఏముంది? మేం అలాంటివి అసలు పట్టించుకోం తెలుసా. కానీ ఇన్నాళ్ళూ చెప్పకపోవడం... ఆరేళ్ళుగా మీ ఇంట్లో మేం..." అని ఆగింది.

"తిన్నరు. మస్తు తిన్నరక్కా. మటన్ రెండు సార్లు వేయించుకోని తిన్నరు. బావగారు డబ్బాలో కట్టియ్యమన్నరు గూడ."

ఆమె స్నిగ్ధ చెయ్యి పట్టుకుంది. "దీనికి పొద్దుట్నుంచీ కడుపులో తిప్పుతోంది. మేం బయల్దేరతాం."

"నాకేం తిప్పట్లేదు!" అంది స్నిగ్ధ. "మమ్మీ, నా టర్న్ ఉంది! ఆంటీ నాక్కూడా రికాబు సరిచేస్తానంది!"

నేను స్నిగ్ధ కోసం పట్టా ఒక చిల్లు పైకి జరిపి ఉంచాను కూడా. ఆ పిల్ల వెనక్కి వెనక్కి చూస్తూనే కారు దాకా వెళ్ళింది. తలుపు గట్టిగా వేసిన చప్పుడు గుర్రపుశాల దాకా వినిపించింది.

ఉల్రికె కాగితాల అట్ట పట్టుకుని పరుగున వచ్చింది. ఈషా కంటే ముందు స్నిగ్ధ వంతే, వాళ్ళెందుకు వెళ్ళిపోయారు, ఒంట్లో బాగాలేదా అని అడిగింది. నేను నోరు తెరిచాను. జర్మన్ భాషలో బి2 పరీక్ష పాసైనదాన్ని, ఆఫీసులో గంటలకొద్దీ జర్మన్‌లో వాదించేదాన్ని, నాకు ఒక్క వాక్యం కుదరలేదు.

ఈషా జర్మన్‌లో చెప్పింది. "వాళ్ళకి మా తాత నచ్చలేదు."

చెప్పి, పట్టాను తన చిల్లుకు మార్చమని నాకు చూపించి, రికాబులో కాలు పెట్టింది.