ఫిదెలీనా చెప్పిన అబద్ధం

చెరుకు కూలీల వాడలో ఫిదెలీనా పక్కగదిలో ఉండే, పొరుగు దేశం హైతీ నుంచి పనికొచ్చిన అమ్మాయి రోజ్మెన్, ఆడపిల్లను కన్న మూడోరోజున కన్నుమూసింది. ఆమెకు కాగితాలంటూ ఏమీ లేవు. ఫిదెలీనా పిల్లను తీసుకెళ్లి, ఊరంతా గౌరవంగా 'డాన్' అని పిలిచే రిజిస్ట్రీ గుమాస్తా డాన్ అమాబ్లె బల్లమీద పడుకోబెట్టింది. ఆయన మర్యాదగానే చెప్పాడు.

"తల్లి గుర్తింపు కార్డు లేకుండా పుట్టినపత్రం రాయలేనమ్మా. చట్టం ఒప్పుకోదు."

ఆయన సెలవులో ఉన్నరోజు చూసుకుని ఫిదెలీనా మళ్లీ వెళ్లింది. కొత్త గుమాస్తా ముందు తన కార్డు పెట్టి, "నా కూతురే" అంది. పత్రం చేతికొచ్చింది. భయం మాత్రం రాలేదు. అదే ఆమెకు అంతుపట్టలేదు.

శనివారం చర్చిలో పాపాలు ఒప్పుకునే పాపసంకీర్తనానికి వెళ్లింది. ఫాదర్ క్రిస్పిన్ అంతా విన్నాడు.

"నేరం చేశావు తల్లీ."

"నేరమే ఫాదర్. పోలీసులొస్తే వెళ్తాను. పాపం కూడానా?"

"అబద్ధం పాపమే కదా!"

"మరి కుదరదు పొమ్మన్న డాన్ అమాబ్లె? ప్రతి ఆదివారం పూజలో సత్ప్రసాదం తీసుకుంటాడే!"

"ఆయన చట్టం దాటలేదమ్మా."

"దాటకపోతే పాపం అంటదా?"

ఫాదర్ దగ్గాడు. "పశ్చాత్తాపపడుతున్నావా?" అన్నాడు.

"లేదు."

"పడనిదే క్షమాపణ ఎలా ఇవ్వను?"

"పడితే పత్రం చింపెయ్యాలి. చింపమంటారా?"

"నేనలా అన్నానా? నన్నెందుకు ఇరకాటంలో పెడతావు తల్లీ! వచ్చే వారం రా. ఆలోచించనీ."

క్షమాపణ దొరకనివాళ్లు తీసుకోకూడదు కనుక మర్నాడు పూజలో ఆమె సత్ప్రసాదానికి లేవలేదు. పిల్లను ఒళ్లో పెట్టుకుని చివరి బల్లమీద కూర్చుంది. సత్ప్రసాదం తీసుకుని వెనక్కి వస్తున్న డాన్ అమాబ్లె ఆమె దగ్గర ఆగాడు. పిల్ల మణికట్టుకున్న నల్లని దిష్టిపూసను వేలితో తాకాడు.

"ఎవరి పాప?"

ఫిదెలీనా పిల్లను కాస్త దగ్గరికి తీసుకుంది. "నాదే, డాన్."

ఆయన పిల్ల ముఖంలోకి చాలాసేపు చూశాడు. "అచ్చం నీ పోలికే," అని వెళ్లి తన చోట మోకరించాడు.

అది దయో, వెటకారమో, హెచ్చరికో ఆమెకు తెలియలేదు. ఆ వారమంతా తలుపు చప్పుడైతే చాలు, ఉలిక్కిపడింది. ఎవరూ రాలేదు.

శనివారం మళ్లీ ఫాదర్ ముందు మోకరించి జరిగింది చెప్పింది. "ఆయనకు తెలుసు ఫాదర్. తెలిసీ అలా అన్నాడు. మరి అది అబద్ధమేగా?"

ఫాదర్ అవతలినుంచి జాలీకి దగ్గరగా వంగాడు.

"పిల్లకు జ్ఞానస్నానం ఎప్పుడు పెట్టుకుందాం?" అన్నాడు.

తనకు క్షమాపణ దొరికిందో లేదో అడగడానికి ఆమెకు నోరు రాలేదు.