ముందు కంచె, తర్వాతే నిప్పు

నేనొక కథ పటాన్ని. అది ఒకప్పటి మాట. ఇప్పుడు అద్దాల వెనక మూడు ముక్కల్ని.

ఖద్దరు గుడ్డకు చింతగింజల గంజి, సుద్ద పట్టించి, ఒక నకాషీ చిత్రకారుడు నా మీద నీలవ్వ కథ గీశాడు. వరసగా నాలుగు బొమ్మలు. నీళ్లన్నీ తన తోటకేనని దొర ఊరిబావికి ముళ్లకంచె వేయిస్తాడు. దాహంతో నీలవ్వ బిడ్డ ప్రాణం పోతుంది. నీలవ్వ కంచెకు నిప్పు పెడుతుంది. ఊరంతా నీళ్లు తోడుకుంటుంది.

కథ చెప్పే కొమురయ్య నన్ను గుంజలకు వేలాడదీసి ఒక్కో బొమ్మే విప్పేవాడు. "నిప్పు పెట్టేది చూపియ్యి తాతా!" అని జనం తొందరపెడితే కసిరేవాడు. "బిడ్డ పోకముందే నిప్పు జూస్తే మంట కండ్లకే గనవడ్తది, కడుపుల పుట్టది. ఆగుండ్రి!"

మా వాళ్లలో పటం పాతబడితే మనిషికి చేసినట్టే కర్మ చేసి వాగులో కలుపుతారు. కొమురయ్య పోయాక నాకా మర్యాద దక్కలేదు. పాత సామాన్ల వ్యాపారి ఒకడు కొని నాలుగు ముక్కలుగా కత్తిరించాడు. ముక్కలకైతే గిరాకీ అట! నీళ్ల బొమ్మ ఎవరింటి గోడకో పోయింది. మిగతా మూడూ ఈ మ్యూజియంకు చేరాయి.

ఇక్కడి ఆఫీసరు చదువుకున్నవాడే. ఎర్రగా ఉందని నిప్పు బొమ్మ మొదట తగిలించాడు. తర్వాత బిడ్డ, చివర కంచె. ఆ వరసకే కింద చీటీ రాయించాడు: "బావి దగ్గర నిప్పు పెట్టిన స్త్రీ. ఆ పాపానికి బిడ్డ మరణం. ఊరి రక్షణకు దొర వేయించిన కంచె."

చూశారా! బొమ్మల్లో ఒక్క గీత కూడా మార్చలేదు. నీలవ్వను పాపాత్మురాలిని చేశాడు, దొరను ధర్మాత్ముణ్ణి చేశాడు. మొన్న కూడా ఒకావిడ చదివి "ఛీ, ఏం తల్లి!" అంది. అద్దం పగలగొట్టుకుని అరవాలనిపించింది.

ఆమె వెనకే ఉంది స్వరూప, కొమురయ్య మనవరాలు. చీటీ చదివి నేరుగా ఆఫీసరు దగ్గరికి పోయింది.

"సార్, గిది తలకిందులుంది. ముందు కంచె."

"చూడ్డానికి ఇలాగే బాగుందమ్మా. మంట ముందుంటే జనం ఆగుతారు."

"జనం ఆగుతరు సార్. మా నీలవ్వ బద్నామైతది."

"రాసివ్వు, చూద్దాం" అని ఆయన టీకి వెళ్లిపోయాడు.

స్వరూప కదల్లేదు. ఉన్న నలుగురినీ పిలిచి, కుడిచివర కంచె దగ్గర నిలబెట్టి, తాత గొంతుతో కథ ఎత్తుకుంది. కంచె. బిడ్డ. నిప్పు. ఇందాక ఛీ అన్న ఆవిడ కొంగు కళ్లకద్దుకుంది. నిప్పు బొమ్మ దాటాక గోడ ఖాళీ. స్వరూప ఆ ఖాళీ మీద అరచెయ్యి పెట్టి, "ఈడ నీళ్లు" అంది.

చీటీ ఇంకా అలాగే ఉంది. మీరు వస్తే కుడివైపు నుంచి రండి.