వెనక కుర్చీ

సంచిలో రెండో దుప్పటి కుక్కుతుంటే మరిది వచ్చి దాన్ని బయటికి లాగేశాడు.

“ఆసుపత్రిలో దుప్పట్లుంటాయి వదినా.”

“ఉంటాయి. ఎవరెవరు కప్పుకున్నవో.”

“నేను వైద్యానికి పోతున్నానా, కాపురానికి పోతున్నానా?”

“ఈ వయసులో కాపురమొకటి. నోరు మూసుకుని ఆ మాత్రల డబ్బా ఇటివ్వు.”

ఇచ్చాడు. ఊపిరితిత్తుల్లో నీరు చేరిందని, పెద్ద ఆసుపత్రిలో ఉంచి చూడాలని డాక్టరు చెప్పినప్పటి నుంచి ఈ సంచి సర్దుతూ విప్పుతూనే ఉన్నాను. తోడుగా, ఇక్కడి ఆసుపత్రిలో నర్సుగా పనిచేస్తూ మా పాటల బృందంలో పాడే నర్సమ్మ వెళ్తోంది. నన్ను వద్దన్నారు. నేను వస్తే నా కంగారుకి ఇంకో మంచం వేయించాలట. మరిది వాళ్లన్న, అంటే మా ఆయన, కూడా ఒకప్పుడు నా చేత ఇలాగే సంచి సర్దించుకుని పనికని ఊరు దాటాడు. సంచి ఒక్కటే తిరిగొచ్చింది.

“రైలు సాయంత్రం కదా,” అన్నాడు మరిది. “ముందు పాటకి పోదాం. ఇవాళ వెనక కుర్చీ నాది.”

నా చేతిలోని సబ్బుపెట్టె జారి కిందపడింది.

వెనక కుర్చీ సంగతి చెప్పాలంటే మొదటి నుంచీ రావాలి. మరిది నీటి మీటర్లు చూసే ఉద్యోగి. ఇంటింటికీ తిరిగి అంకె రాసుకుంటూ, లోపల గిన్నెలు కడిగేవాళ్ల కూనిరాగాలు వినేవాడు. గొంతు నచ్చితే తలుపు తట్టి, “ఆదివారం గ్రంథాలయం మేడ మీదకి రండి” అనేవాడు. బిల్లులో ఏదో తేడా వచ్చిందనుకుని హడలిపోయి వచ్చినవాళ్లే సగం మంది. అలా నర్సమ్మ వచ్చింది. బేకరీ ఆయన వచ్చాడు. ఊళ్ల పేర్లు అరిచి అరిచి గొంతు గంటలా తయారైన బస్సు కండక్టరు వచ్చాడు. వాళ్లందరికీ మరిది మాస్టారయ్యాడు. నన్ను మాత్రం కుర్చీలు తుడవాలని తీసుకెళ్లి వరుసలో నిలబెట్టేశాడు. పాటలు పెద్ద పెద్ద అక్షరాలతో కాగితాల మీద రాసిచ్చేవాడు. నాకు చదవడం వచ్చింది ఆ కాగితాలతోనే. అవి చాలక, పుస్తకాల కోసం కింది అంతస్తుకి దిగడం మొదలుపెట్టాను.

ఆ మేడగదిలో ఒక పాత ఫ్యాను ఉండేది. తిరుగుతూ ఒకటే స్వరంలో మూలిగేది. ఏళ్ల తరబడి మేం శ్రుతి అందుకున్నది మాస్టారి నోటి నుంచి కాదు, ఆ ఫ్యాను నుంచి. ఆ సంగతి మాకే తెలీదు. మొదటిసారి ఒక పెద్ద హాల్లో పోటీకి వెళ్లినప్పుడు బయటపడింది. అక్కడ ఫ్యాన్లు లేవు. మరిది చెయ్యెత్తాడు. మేమంతా తలెత్తి పైకప్పు చూశాం. ఆ తర్వాత ఎవరి శ్రుతిలో వాళ్లం పాడాం. హాలంతా నవ్వింది.

“మాస్టారూ, వచ్చే ఏడు ఫ్యాన్ని కూడా చేర్చుకుందాం,” అన్నాడు బేకరీ ఆయన తిరుగు ప్రయాణంలో.

ఇక పాట జరిగినంతసేపూ ఫ్యాను ఆపించేశాడు మరిది. వెనక కుర్చీ పెట్టిందీ అప్పుడే. వారానికొకరు వరుస వదిలి గది చివర ఆ కుర్చీలో కూర్చోవాలి. మిగతావాళ్లు పాడతారు. తను లేని పాట విని, ఏం తగ్గిందో చెప్పాలి. తను లేనప్పుడే తన గొంతు చోటు తనకి తెలుస్తుందని మరిది నమ్మకం. కండక్టరు తన వంతు రాగానే, “ఏం తగ్గిందంటే నేను తగ్గాను, ఇంకేముంది” అన్నాడు. నర్సమ్మ ఏడ్చింది. నేనైతే ప్రతిసారీ ఏదో ఒకటి తగ్గిందనే చెప్పేదాన్ని. ఏమీ తగ్గలేదంటే ఇక పిలవరేమోనని భయం.

మరిది ఇన్నేళ్లలో ఒక్కసారీ అందులో కూర్చోలేదు.

ఆ ఆదివారం కూర్చున్నాడు. సంచి కాళ్ల దగ్గర పెట్టుకున్నాడు.

“శ్రుతి వదిన ఇస్తుంది,” అన్నాడు.

“నేనా? నా వల్ల కాదు. కండక్టరు గారున్నారుగా.”

“ఆయనిస్తే బస్సు కదుల్తుంది.”

అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. పాట బాగా కుదిరితే మరిది నిశ్చింతగా వెళ్లిపోతాడు. ఇక్కడ తన అవసరం లేదనుకున్న మనిషికి తిరిగి రావాలన్న పట్టుదల ఏముంటుంది? శ్రుతి కాస్త ఎక్కువ చేసి ఇస్తే చాలు, సగం గొంతులు అందుకోలేక పగులుతాయి. కుర్చీలోంచి లేచొస్తాడు. నేను లేకపోతే మీరింతే అని తిడతాడు. ఆ తిట్టే వెనక్కి లాక్కొస్తుంది.

నోరు తెరిచాను. నర్సమ్మ నా ముఖంలోకే చూస్తోంది. బేకరీ ఆయన మోచేతుల మీద ఇంకా పిండి ఉంది. ఊపిరి పీల్చుకుని అందరూ నా కోసమే ఆగి ఉన్నారు.

సరైన శ్రుతే ఇచ్చాను.

పాడాం. కండక్టరు తన జన్మలో మొదటిసారి గొంతు తగ్గించి పాడాడు. ఎవరూ పైకప్పు చూడలేదు. నేను మాత్రం కుర్చీ వైపు చూశాను. మరిది కళ్లు మూసుకుని, ఒళ్లో రెండు వేళ్లతో తాళం వేస్తున్నాడు. పాట అయిపోయాక కూడా ఆ వేళ్లు కాసేపు ఆగలేదు.

“ఏం తగ్గింది మాస్టారూ?” అంది నర్సమ్మ.

మరిది లేచి సంచి భుజానికి తగిలించుకోబోయి, బరువుకి తూలాడు.

“ఇందులో ఏం పెట్టావు వదినా, బండలా?”

“రెండు దుప్పట్లూ పెట్టాను. ముందు అడిగినదానికి చెప్పు.”

“ఏమీ తగ్గలేదు,” అన్నాడు. ఆ గొంతులో ఎంత సంతోషమో. అంతలో నా ముఖం కంటబడింది. “చివరి చరణం మాత్రం తొందరపడ్డారు. నేను వచ్చాక చూద్దాం దాని పని.”

మేం తొందరపడలేదు. అది నాకూ తెలుసు, మరిదికీ తెలుసు.

కండక్టరు సంచి అందుకున్నాడు. అందరం మెట్లు దిగి స్టేషను దాకా వెళ్లాం.

నర్సమ్మ తిరిగొచ్చింది. మా మరిది రాలేదు. ఆ ఏడాది చలికాలం మొదట్లో, ఒక మంగళవారం ఉదయం, ఆసుపత్రిలోనే పోయాడు.